తూటా ఆగినా.. ముక్క ఎగరరాదు!
బుల్లెట్‌ప్రూఫ్‌ అద్దాల సత్తా తేల్చేదిలా..

ప్రముఖుల వాహనాలకు, బ్యాంకుల నగదు కౌంటర్లకు అమర్చే మందపాటి అద్దాలను 'బుల్లెట్‌ప్రూఫ్‌' అని పిలవడం పరిపాటి. అయితే ఎటువంటి తూటానైనా ఆపగల అద్దం ఏదీ లేదు. నిర్దిష్టమైన తూటాను నిర్దిష్ట వేగం వరకే అది నిలువరించగలదు. ఆ హద్దును నిర్ధారించేదే తూటా నిరోధక పరీక్ష.

పొరల్లోనే బలం
గాజు పలకలను పలుచని ప్లాస్టిక్‌ పొరలతో అతికించి, లోపలి వైపు పాలీకార్బనేట్‌ పలకను చేర్చి ఈ అద్దాలను రూపొందిస్తారు. కఠినమైన గాజు తూటా మొనను చితకగొట్టి వేగాన్ని తగ్గిస్తుంది. సాగే గుణమున్న పాలీకార్బనేట్‌ మిగిలిన శక్తిని గ్రహించి, పగిలిన ముక్కలను పట్టి ఉంచుతుంది.

మూడు తూటాల పరీక్ష
ఐరోపా ప్రమాణం ఈఎన్‌ 1063 ప్రకారం 500 మిల్లీమీటర్ల చదరపు నమూనాపై మూడు తూటాలు పేలుస్తారు. అవి 120 మిల్లీమీటర్ల ఎడంతో త్రిభుజాకారంలో తగలాలి. తొలి దెబ్బకు బీటలు వారిన అద్దం తర్వాతి దెబ్బలకు ఏ మేరకు నిలుస్తుందో తేల్చడమే దీని ఉద్దేశం. ప్రతి తూటా వేగాన్నీ పరికరాలతో కొలుస్తారు.

రైఫిళ్లు, పిస్టళ్లకు సంబంధించి బీఆర్‌1 నుంచి బీఆర్‌7 వరకు ఏడు స్థాయులు ఉన్నాయి. బీఆర్‌2లో 8 గ్రాముల 9 ఎంఎం పిస్టల్‌ తూటాను 5 మీటర్ల దూరం నుంచి సెకనుకు సుమారు 400 మీటర్ల వేగంతో ప్రయోగిస్తారు. బీఆర్‌6లో 9.5 గ్రాముల 7.62 ఎంఎం రైఫిల్‌ తూటా 10 మీటర్ల దూరం నుంచి 830 మీటర్ల వేగంతో దూసుకొస్తుంది. పిస్టల్‌ స్థాయిలో నెగ్గిన అద్దం రైఫిల్‌ ముందు నిలుస్తుందని భావించరాదు.

సాక్ష్యం చెప్పే రేకు
నమూనాకు అర మీటరు వెనుక 0.02 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకును అమరుస్తారు. తూటా ఆగినప్పటికీ లోపలి నుంచి ఎగిరిన గాజు ముక్కలు రేకును చీల్చితే 'ఎస్‌' అనీ, చీల్చకుంటే 'ఎన్‌ఎస్‌' అనీ నమోదు చేస్తారు. అద్దానికి చేరువగా కూర్చునే క్యాషియర్‌, డ్రైవర్ల కళ్లకు ఈ తేడాయే కీలకం.

ధ్రువపత్రం చూడాలి
ఈ ఫలితం అద్దానికే పరిమితం. చట్రంతో కూడిన కిటికీలు, తలుపులకు ఈఎన్‌ 1522 ప్రమాణం విడిగా ఉంది. పైగా పరీక్షించేది కొత్త నమూనానే. ఎండవేడికి ఏళ్ల తరబడి గురైన అద్దంలో పొరలు విడిపోవచ్చు. అంచుల వద్ద బుడగలు, తెల్లని మచ్చలు అందుకు సూచన. కొనుగోలుదారులు స్థాయి, 'ఎన్‌ఎస్‌' గుర్తు, చట్రం వివరాలను తప్పక సరిచూసుకోవాలి.