పులికాట్ గాలిలో ఎనిమిది వందల మిల్లీమీటర్లు

జనవరి నెల, తెల్లవారుజాము. సూళ్లూరుపేట దాటి కారు శ్రీహరికోట రోడ్డెక్కింది. రెండు వైపులా నీళ్లున్నాయని చీకట్లోనే తెలుస్తోంది. అద్దం దించగానే ఉప్పూ బురదా కలిసిన వాసన లోపలికొచ్చింది. ఏసీని మీరు ఎప్పుడో ఆపించారు. చల్లబడిన లెన్సును ఈ తడిగాలిలోకి ఒక్కసారిగా తీస్తే ముందు గాజు మీద తేమ పడుతుంది. తుడిచేకొద్దీ మళ్లీ పడుతుంది. అందుకే సంచీ జిప్పు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దిగే వేళకు గాజూ గాలీ ఒకే వేడికి వస్తాయి.

ఇది పులికాట్. దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఇంత విస్తారమైన నీటికి లోతు మాత్రం చాలాచోట్ల నడుం దాటదు. పొడుగుకాళ్ల పక్షులు చలికాలంలో ఇక్కడ చేరేది ఆ లోతు తక్కువ నీటి కోసమే. రోడ్డు పడమర నుంచి తూర్పుకు సరస్సును చీల్చుకుంటూ అంతరిక్ష కేంద్రం షార్ గేటు దాకా పోతుంది. ఈ దిక్కు మీకు ఈ పూట చాలా ముఖ్యం. ఈ కాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు పొడుస్తాడు. దక్షిణాన ఉన్న పక్షులు ఎదురెండలో నల్లటి ఆకారాలై మిగులుతాయి. ఉత్తరానికి తిరిగి నిలబడితే వెలుగు మీ కుడి భుజం వెనక నుంచి వెళ్లి పక్షి మీద పడుతుంది. కారు ఎడమ అంచున ఆగింది. తలుపు చప్పుడు కాకుండా వేసి, గట్టు దిగి, తడిగడ్డి మీద గొంతుక్కూర్చున్నారు.

మీ చేతిలో ఉన్నది మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరా, 2008లో పానాసోనిక్ జీ1తో మొదలైన వరస. సెన్సరు వెడల్పు 17.3 మి.మీ., ఎత్తు 13 మి.మీ. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు వైశాల్యంలో ఇది దాదాపు నాలుగో వంతు. ముందున్నది 100–400 లెన్సు, బరువు 985 గ్రాములు. లెన్సు పరిచే దృశ్యంలో నడిమి భాగాన్నే ఈ చిన్న సెన్సరు పట్టుకుంటుంది. ఆ భాగం ఫుల్‌ఫ్రేమ్ మీద 800 మి.మీ. లెన్సు చూపించేంత. నికాన్ 2022లో తెచ్చిన 800 మి.మీ. ఎఫ్/6.3 లెన్సు ఆ జాతిలో తేలికైనదే, అయినా 2,385 గ్రాములుంటుంది. మీ కెమెరా, లెన్సు రెండూ కలిపినా దాని బరువుకు చాలా తక్కువ. ట్రైపాడ్ ఇంట్లోనే ఉంది. మోచేతులు మోకాళ్ల మీద ఆన్చితే చాలు.

తూర్పున ఎరుపు తిరిగింది. సుమారు నూట యాభై మీటర్ల దూరంలో నీటి మీద లేత గులాబీ రంగు గీత ఒకటి కనిపిస్తోంది. ఫ్లెమింగోలు. కెమెరాను నేరుగా 400లో పెట్టి వెతికితే నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఆ చూపు మూలకు మూల మూడు డిగ్రీలే. వంద దగ్గర మొదలుపెట్టి, గుంపును ఫ్రేములోకి తెచ్చుకుని, కన్ను తీయకుండా జూమ్ తిప్పుతున్నారు. ఇప్పుడు ఒక్కో పక్షీ విడివిడిగా కనిపిస్తోంది. మెడ కిందికి వంచి, ముక్కును తలకిందులుగా నీటిలో పెట్టి, పక్కలకు ఆడిస్తూ నడుస్తున్నాయి. నాలుకతో నీటిని లోపలికి గుంజి బయటికి నెడుతుంటే, ముక్కు అంచుల్లోని జల్లెడలో ఆహారం నిలిచిపోతుంది.

నూట నలభై సెంటీమీటర్ల పక్షి ఇంత దూరం నుంచి మీ సెన్సరు మీద 3.7 మి.మీ. ఎత్తున పడుతుంది. అది ఫ్రేము ఎత్తులో పావు వంతు కన్నా కాస్త ఎక్కువ. 20 మెగాపిక్సెళ్ల సెన్సరు గనక ఆ పక్షికి నిలువునా సుమారు 1,100 పిక్సెళ్లు దక్కుతాయి. ఇదే 400 లెన్సును 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ మీద పెడితే దక్కేవి 620. చిన్న సెన్సరు పక్షిని దగ్గరికి లాగదు. పడిన బొమ్మ అదే 3.7 మిల్లీమీటర్లు. దాన్ని మరింత సన్నటి గళ్లుగా కోస్తుంది, అంతే. ఈ చిన్న సంగతి మనసులో నాటుకుంటే తర్వాతివన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

షట్టరు నొక్కారు. సూర్యుడింకా పైకి రాలేదు. ఎఫ్/6.3, ఐఎస్ఓ 1600 పెట్టినా వేగం 1/200 సెకను దాటడం లేదు. తెర మీద పెద్దది చేసి చూస్తే ఈకల మీద గరుకుదనం. మీ లెన్సు వెలుతురు పట్టే నోరు 400ను 6.3తో భాగిస్తే వచ్చేది, అంటే 63 మి.మీ. చిల్లర. అదే 800 మి.మీ. ఎఫ్/6.3 లెన్సుకైతే 127. వ్యాసం రెట్టింపు, కాబట్టి పక్షి నుంచి అది పోగుచేసే వెలుతురు నాలుగింతలు. మీ ఐఎస్ఓ 400 బొమ్మలో ఉండే గరుకు ఫుల్‌ఫ్రేమ్‌లో 1600 దగ్గర గానీ కనిపించదు. తగ్గిన కిలోన్నర బరువుకు ఇదే ఖరీదు. ఆ ఖరీదును డబ్బుతో కాక వేళతో చెల్లించవచ్చు.

మీరు వేచి ఉన్నారు. అరగంటలో ఎండ గట్టు మీదికి వచ్చింది. ఐఎస్ఓ 400, వేగం 1/800. నీటి మీద ఎక్కడా నీడ లేదు. గుంపులో ఒకటి రెక్క విప్పింది. మూసినప్పుడు తెలుపు తిరిగిన గులాబీగా ఉన్న పక్షి లోపల ఇంత ఎరుపు, అంచున ఇంత నలుపు దాచుకుందని అప్పుడు గానీ తెలియదు. వరసగా నొక్కారు. ఈసారి పెద్దది చేసి చూస్తే నల్లటి ఈకకూ ఎర్రటి ఈకకూ మధ్య గీత శుభ్రంగా నిలిచింది. చిన్న సెన్సరుకు వెనకటి దృశ్యం పెద్దగా మసకబారదని పేరు. ఇక్కడ ఆ లోటు తెలియడం లేదు. మీరు నేల బారున కూర్చోవడంతో పక్షి వెనక కిలోమీటర్ల కొద్దీ నీళ్లే ఉన్నాయి. అంత దూరాన ఉన్నదంతా తనంతట తానే కరిగి ఒకే నీలంగా మారిపోయింది.

మోటారుసైకిలు ఆపి ఒక కుర్రాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. మెడలో నికాన్ పీ1000, 2018లో వచ్చిన 125 రెట్ల జూమ్ కెమెరా.

"మీది ఎంత జూమండీ?"

"ఎనిమిది వందలు."

"నాది మూడు వేలు!" గర్వంగా ట్రిగ్గరు నొక్కాడు. లెన్సు గొట్టం సాగుతూ సాగుతూ బయటికొచ్చింది. అతని తెర నిండా ఒకే ఫ్లెమింగో తల. కానీ ఆ తల అలల మీద తేలుతున్నట్టు వణుకుతోంది. ముక్కు మీది నలుపు కాసేపు ఒకటిగా, కాసేపు రెండుగా కనిపిస్తోంది.

"ఫోకస్ పడటం లేదండీ."

ఫోకస్ పడింది. ఎనిమిదిన్నర దాటడంతో ఎండకు బురద, రోడ్డు మీది తారు వేడెక్కి, ఆ వేడిగాలి సుడులు తిరుగుతూ లేస్తోంది. పొయ్యి మీది గిన్నె ఆవిరిలోంచి అవతలి గోడను చూసినట్టుంది దృశ్యం. ఎంత జూమ్ చేస్తే అంత వణుకూ పెద్దదవుతుంది. మరో సంగతి కూడా ఉంది. ఆ కెమెరా సెన్సరు వైశాల్యం ఫుల్‌ఫ్రేమ్‌లో ముప్పయ్యో వంతు. మూడు వేలు అని రాసి ఉన్న చోట నిజంగా ఉన్నది 539 మి.మీ. లెన్సు, అది కూడా ఎఫ్/8 దగ్గర. అంటే నోరు 67 మి.మీ., ఇంచుమించు మీ లెన్సుకున్నంతే. ఎఫ్/8 రంధ్రంలోంచి వచ్చే వెలుగు ఎంత మంచి గాజైనా ఒక చుక్కను పది మైక్రాన్లకు పైగా పరుస్తుంది. ఆ సెన్సరులో పిక్సెల్ ఒకటిన్నర మైక్రాన్ కూడా ఉండదు. ఒక్క చుక్క ఎనిమిది పిక్సెళ్ల వెడల్పున పరుచుకున్నాక, వాటి మధ్య కొత్త వివరం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ లెక్క అతనికి చెబుతూనే చెయ్యి పట్టి కల్వర్టు వైపు చూపించారు. ఇరవై మీటర్ల దూరంలో నీటి అంచున స్టిల్ట్ పక్షి ఒకటి, ఎర్రటి పుల్లల్లాంటి కాళ్ల మీద నడుస్తోంది. "జూమ్ వెయ్యికి తగ్గించు. తారు రోడ్డు మీదుగా తీయకు, గట్టు దిగి నీటి పక్కకు రా." అతను దిగి, మోకాళ్ల మీద కూర్చుని తీశాడు. తెర మీద పక్షి కన్ను ఎర్రగా, మధ్య నల్లపాపతో తేటగా వచ్చింది. దాన్ని చూస్తూ అతను చాలాసేపు మాట్లాడలేదు. కెమెరా అదే, మనిషీ అతనే. మధ్యలో ఉన్న గాలి తగ్గింది, అంతే.

కల్వర్టు మీద నలుపు తెలుపు లకుముకి పిట్ట వచ్చి గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచింది. ఎప్పుడు దూకుతుందో మనిషి చెయ్యి పసిగట్టలేదు. దానికి మీ కెమెరాలో ఒక వెసులుబాటు ఉంది. షట్టరు సగం నొక్కి ఉంచితే ఫ్రేములు లోపలే తిరుగుతుంటాయి. పూర్తిగా నొక్కిన క్షణానికి ముందటివి కూడా కార్డులోకి చేరతాయి. వేగం 1/2000. పిట్ట రెక్కలు ముడిచి రాయిలా పడింది. మీరు నొక్కింది నీళ్లు చిట్లాకే. అయినా ముడిచిన రెక్కలు, నీటికి బెత్తెడు పైన ఉన్న ముక్కు, రెండూ దొరికాయి.

తొమ్మిదిన్నరకు దూరపు ఫ్లెమింగోలకు స్వస్తి చెప్పి నేలపట్టు బయలుదేరారు. ఇరవై కిలోమీటర్లు, దొరవారిసత్రం దగ్గర. చెరువు నీళ్లలో నిలిచిన బారింగ్టోనియా చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. ఈ పక్షులు చేపల కోసం పులికాట్‌కే వెళ్లి వస్తాయి. మీరు పొద్దున కూర్చున్న నీరే ఇక్కడి పిల్లల కడుపు నింపుతోంది. వాచ్‌టవర్ ఎక్కి రెయిలింగ్ మీద లెన్సు ఆన్చారు. తల్లి నోరు తెరవగానే పిల్ల తలంతా గొంతు సంచిలోకి దూర్చేసింది. ఇంకా దగ్గరికి వెళ్లాలని కాళ్లు లాగుతాయి. వెళ్లకూడదు. పెద్దవి బెదిరి లేస్తే ఈకలు రాని పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు కాచుకుని ఉంటాయి. మీ తేలికైన లెన్సు చేసే అసలు మేలు ఇదే. టవర్ మీదే ఉండి, గూటికి ఏ ఇబ్బందీ కలగకుండా, ఆ మేత పెట్టడం మొదలు నుంచి చివరి దాకా చూడగలుగుతున్నారు.

మీ వెనకే టవర్ ఎక్కిన కుర్రాడు అడిగాడు: "ఇంకా పెద్ద జూమ్ కొనాలంటారా?"

వద్దనే చెప్పండి. ఆ డబ్బులో కొంత సూళ్లూరుపేటలో ఒక రాత్రి గదికి పెట్టమనండి. సూర్యోదయానికి ముందే ఉత్తరపు గట్టు మీద కూర్చున్నవాడికి చిన్న సెన్సరు చాలినంత ఇస్తుంది. పదింటికి వచ్చి మూడు వందల మీటర్ల దూరపు పక్షిని వెతికేవాడికి ఏ లెన్సూ ఇవ్వలేదు.