గోదారి వరద గీసిన గీత

ఎండాకాలం కందకుర్తిలో, మంజీర వచ్చి గోదావరిలో కలిసేచోట, ఇసుక తేలి ఉంటుంది. కాలితో కాస్త కదిపితే ఆల్చిప్ప ఒకటి బయటపడుతుంది. పైన నల్లటి పొర, లోపల ముత్యపు మెరుపు, వీపంతా వంపు తిరిగిన గీతలు. బోధన్ వైపు పుట్టిన మీ చెయ్యి ఊరుకోదు, గీతలు లెక్కపెడుతుంది. చెరుకుగడ గణుపులు చూసి ఇక్కడ వానలు పడ్డాయి, ఇదిగో ఇక్కడ నీళ్లందలేదు అని చెప్పే రైతుల మధ్య పెరిగారు మరి. గణుపులు దగ్గరపడితే ఆ రోజుల్లో చేను దాహంతో ఉన్నట్టు. నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక చెరుకు తోటలు తగ్గాయి గానీ, ఆ చూపు మాత్రం పోలేదు. సముద్రపు గుల్ల వయసు తేల్చడానికి కావలసిందీ అదే.

పదండి, ఈ నీటి వెంటే పోదాం. పోచంపాడు, కాళేశ్వరం, భద్రాచలం, ధవళేశ్వరం. అక్కణ్ణుంచి గౌతమి పాయ, దాన్నుంచి చీలిన కోరింగ, గాడేరు. ఆ చివర కాకినాడ అఖాతం.

తెల్లారకముందే పడవ దిగారు. నీళ్లు తీసేశాయి. మోకాలి లోతు బురద పాదాన్ని లోపలికి పీల్చుకుంటోంది. వెనక మడ అడవి, తూర్పున అడ్డంగా హోప్ ఐలాండ్. పెద్ద అలల్ని ఆ దీవే ఆపేస్తుంది కాబట్టి ఈ మెత్తటి బురద ఇక్కడ నిలిచింది. బురదలో చెయ్యి పెట్టండి. గరుకుగా, గుండ్రంగా తగిలిందే, అదే బుడిత గుల్ల. కత్తితో తెరిస్తే ఎర్రటి నెత్తురు. గుల్ల జాతుల్లో ఎర్ర నెత్తురు అరుదు, దీని ఒంట్లో మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది.

పైన నిలువుగా, ఇరవైకి అటూ ఇటూగా, బొడిపెలు తేలిన గట్లు కనిపిస్తున్నాయా? వాటిని లెక్కపెట్టి వయసు చెప్పకండి. కొత్తవాళ్లందరూ అక్కడే పడతారు. అవి గుల్ల ఆకారంలో భాగం, ఏడాదికొకటి చొప్పున పుట్టేవి కావు. మీకు కావలసిన గీతలు వాటికి అడ్డంగా, అంచుకు సమాంతరంగా ఉంటాయి.

పక్కన గుల్లలేరుతున్న పెద్దావిడ మీ చేతిలోని వెర్నియర్ కాలిపర్స్ చూసి నవ్వుతుంది. "ఏంటండి బాబూ, గుల్లలకి కూడా పుట్టినరోజులు చేత్తారేంటండి?"

చెయ్యలేం, అదే చిక్కు. చలిదేశాల్లో శీతాకాలం గుల్ల ఎదుగుదలను ఆపేస్తుంది, ఏటా ఒక గీత పడుతుంది. ఐస్‌లాండ్ దగ్గర 2006లో పట్టిన ఒక గుల్లకు అలాగే గీతలు లెక్కపెట్టారు. ముందు నాలుగు వందల ఏళ్లు దాటిందన్నారు. తర్వాత జాగ్రత్తగా మళ్లీ చూస్తే 507 అని తేలింది. అతుకు దగ్గర గీతలు మరీ ఇరుకై కొన్ని కంటికి ఆనలేదట. మింగ్ అని పేరు పెట్టిన ఆ గుల్ల పుట్టేటప్పటికి గోల్కొండలో కుతుబ్‌షాహీల పాలనే మొదలుకాలేదు.

కాకినాడలో చలికాలమంటే ఏపాటిది? ఇక్కడ గుల్లను ఆపేది వరద. జులై నుంచి సెప్టెంబర్ దాకా గోదారి ఎర్రనీళ్లు అఖాతంలో పడి ఉప్పదనం విరిగిపోతుంది. బుడిత గుల్ల తలుపులు బిగించుకుని కూర్చుంటుంది. ఆ ఆగిపోవడం పెంకు మీద గీతగా మిగలవచ్చు. అంటే నిజామాబాద్ వైపు కురిసిన వాన వంతు కూడా ఈ పెంకులో ఉండొచ్చన్నమాట! కానీ ఒకే ఏడు రెండు పెద్ద వరదలొస్తే? గుడ్లు వదిలి అలసిన రోజుల్లో ఇంకో గీత పడితే? మూడు గీతలు చూసి మూడేళ్లంటే మోసపోయినట్టే.

అందుకే బకెట్ దించండి, కొలవడం మొదలుపెట్టండి. చిన్నదీ పెద్దదీ ఏరిపెట్టకుండా దొరికినవన్నీ, అంచు నుంచి అంచుకు పొడవు, మిల్లీమీటర్లలో. వచ్చే నెలా ఇదే పని, ఆపై నెలా ఇదే. 1890ల్లో డెన్మార్క్‌కు చెందిన పీటర్సన్ చేపలకు చూపిన దారి ఇది. పొడవులను గ్రాఫులో పెడితే అక్కడక్కడా గుట్టలు లేస్తాయి. ఒక్కో గుట్ట ఒక ఈడు పిల్లలు. నెల నెలా ఆ గుట్ట కుడికి జరిగిన దూరమే ఎదుగుదల. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెందిన కె.ఎ. నరసింహం ఈ అఖాతంలోని బుడిత గుల్ల జీవితాన్ని అధ్యయనం చేసి 1980ల్లో ప్రచురించారు. బురదలో నిలబడి నెలల తరబడి కొలవడమంటే ఏమిటో మీ నడుము ఇప్పటికే చెబుతోంది.

ఈ పద్ధతికీ లొసుగులున్నాయి. వేడి సముద్రంలో గుడ్లు పెట్టే కాలం సాగుతుంది, గుట్టలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ముదిరిన గుల్ల మెల్లగా ఎదుగుతుంది కాబట్టి రెండేళ్లదీ మూడేళ్లదీ పొడవులో ఒక్కలాగే ఉంటాయి. మొదట వేగంగా లేచి తర్వాత చదునయ్యే ఈ వంపునే వాన్ బెర్టలాన్ఫీ 1930ల్లో సమీకరణంలో పెట్టాడు.

గదికి చేరాక ఒక పెంకును మూపు నుంచి అంచు దాకా రంపంతో కోయండి. తడిపి నున్నగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. పైకి కనిపించని సన్నగీతలు వరసకట్టి ఉంటాయి. నీళ్లు తీసిన ప్రతిసారీ గుల్ల మూసుకుంటుంది, లోపల ఆక్సిజన్ తగ్గుతుంది, గీత పడుతుంది. ఐరోపా తీరాల్లో ఇలా ఆటుపోట్లనే లెక్కపెట్టారు. పెద్ద గీత వరదదా, గుడ్లు పెట్టినప్పటిదా అన్న అనుమానం తీర్చడానికి పెంకు పొడిలో ఆక్సిజన్ ఐసోటోపులు చూస్తారు. నదినీటిలో బరువైన ఆక్సిజన్ తక్కువ, కాబట్టి వరదనాటి పొర తేలికగా ఉంటుంది. నీటి వేడిమిని పెంకులో చదవవచ్చని 1947లో హెరాల్డ్ యూరీ చూపిన దారికి ఇది కొనసాగింపు.

ఇదంతా ఎందుకని ఆ పెద్దావిడ అడగనే అడిగింది. గుల్ల ఎన్ని నెలలకు గుడ్డు పెడుతుందో, అప్పటికి ఎంత పొడవుంటుందో తెలిస్తే, అంతకన్నా చిన్నవి వదిలేయమని చెప్పవచ్చు అన్నారు మీరు. ఆవిడ బుట్టలోంచి వేలిగోరంత గుల్ల ఒకటి తీసి చూపించింది.

"ఇది నేనొదిలేత్తే పక్కోడు ఏరుకుంటాడండి. ఆడికి కూడా చెప్పండి మరి."