పత్తి చేలో పురుగుమందులు: లెక్కకెక్కని స్త్రీ కూలీలు

పురుగుమందుల విషప్రభావం గురించి రాసేవారు తరచూ ఉదహరించే అంకెలు వరంగల్‌వి. ఆ జిల్లాలోని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి రికార్డులపై జరిగిన అధ్యయనం 2005లో వెలువడింది. 1997 నుంచి 2002 దాకా ఆరేళ్లలో పురుగుమందు కేసులుగా అక్కడ చేరినవారు 8,040 మంది. వారిలో 22.6 శాతం మంది దక్కలేదు. 2002 నాటి కేసుషీట్లను విడిగా పరిశీలిస్తే 96 శాతం మంది కావాలని తాగినవారేనని తేలింది. దీన్ని చూసి, ఇదంతా ఆత్మహత్యల సమస్యే తప్ప పొలం పనితో వచ్చిన జబ్బు కాదనుకునే ప్రమాదం ఉంది. ఆసుపత్రి రిజిస్టరు గడప దాటి లోపలికి వచ్చినవారినే లెక్కిస్తుంది. మందు కొడుతూ, కలుపుతూ ఒంటికి పట్టించుకున్నవారిలో అత్యధికులు ఆ గడప తొక్కరు. అందులోనూ పంపు భుజాన వేసుకోని ఆడవాళ్ల ఊసే రాదు.

అదే 2005లో అచ్చయిన మరో అధ్యయనం ఈ మాటకు ఆధారం. ఫ్రాన్సెస్కా మాన్సినీ బృందం 2003 ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పల్లెల్లో ఈ పని చేసింది. పత్తి పండించే 50 మంది స్త్రీలు, మందు వాడిన ప్రతిసారీ తమకూ తమ ఇంటి మగవాళ్లకూ ఏమైందో చెబుతూ వచ్చారు. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం సార్లు స్వల్పం నుంచి తీవ్రం దాకా ఏదో ఒక విష లక్షణం కనిపించింది. 6 శాతం సందర్భాల్లో నాడీమండలంపై ప్రభావం అతి తీవ్రంగా ఉంది. అయినా ఒక్కరూ వైద్యానికి వెళ్లలేదు. భూస్వాముల కంటే సన్నకారు రైతులకే తీవ్ర లక్షణాలు ఎక్కువగా వచ్చాయి. రక్తపరీక్షలు లేవు, నమూనా చిన్నది, మగవాళ్ల బాధలు కూడా ఆడవాళ్ల నోటే విన్నవి అనే అభ్యంతరాలు సహేతుకమైనవే. కానీ ఆసుపత్రికి రానివారి సంగతి ఆసుపత్రిలో దొరకదు కదా. పల్లెకు వెళ్లి అడగడమే దారి.

మందు కలిపి పంపు నింపే స్త్రీలకూ, స్వయంగా కొట్టేవారికీ ముప్పు సమానమేనని కూడా ఈ అధ్యయనం చెప్పింది. పని తీరు చూస్తే కారణం అర్థమవుతుంది. డబ్బా మూత విప్పి, ఆ మూతతోనే కొలిచి, డ్రమ్ములో పోసి కలపాలి. బిందెతో ముంచి పంపులో పోయాలి. ఖాళీ అయినప్పుడల్లా మళ్లీ నింపాలి. మోనోక్రోటోఫాస్ 36 శాతం మందును లీటరు నీటికి 1.6 మి.లీ. చొప్పున కలపమనేవారు. అంటే పంపులోని ద్రావణం కంటే డబ్బాలోని మందు ఆరువందల రెట్లకు పైగా చిక్కన. కొట్టేవాడి మీద పడే తుంపర పలచనిది. కలిపే ఆమె వేళ్ల మీద ఒలికేది అసలు సరుకు.

చర్మం అంతటా ఒకేలా మందును పీల్చదు. హవార్డ్ మైబాక్ బృందం 1971లో ప్యారథియాన్ అనే పురుగుమందుతో చేసిన ప్రయోగంలో ముంజేతి చర్మం 8.6 శాతం, నుదురు 36.3 శాతం, చంక 64 శాతం పీల్చుకున్నాయి. మందు అంటిన చేత్తో, చీర చెంగుతో నుదుటి చెమట తుడుచుకోవడం ఎంత మామూలు పనో చెప్పనక్కర్లేదు. చేతి తొడుగుల గురించి కరపత్రాలు అచ్చువేసేవారు ఈ చెంగును గమనించినట్టు లేదు.

మోనోక్రోటోఫాస్, ప్యారథియాన్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. దాంతో నరాల చివర ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. చొంగ, కన్నీరు, చెమటలు, వాంతులు, చూపు మసకబారడం, కండరాలు అదరడం అందువల్లే. మోతాదు తక్కువైతే తలనొప్పి, కడుపులో తిప్పడంతోనే సరిపోతుంది. దాన్ని ఎండదెబ్బ కింద జమకట్టి ఊళ్లోని ఆర్‌ఎంపీ చేత సెలైన్ ఎక్కించుకుని మర్నాడు పనికి పోతారు. నిజమైన వడదెబ్బలో ఒళ్లు తరచుగా పొడిబారుతుంది. ఇక్కడ చెమటతో తడిసిపోతుంది, కంటిపాప చిన్నదవుతుంది. టార్చిలైటు ఉంటే పరీక్షకు నిమిషం చాలు. నిన్న ఏం పని చేశావమ్మా అని అడగాలన్న ఆలోచన రావడమే కష్టం.

2017లో ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా యవత్మాల్‌లో మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. తాగకపోయినా ప్రాణం పోతుందని అప్పుడు గానీ దేశం మాట్లాడుకోలేదు. అక్కడ కూడా వార్తల్లో నిలిచింది పంపు మోసినవారే.

దీర్ఘకాలిక హానిని పట్టుకోవడం ఇంకా కష్టం. అమెరికాలో 1993లో మొదలైన వ్యవసాయ ఆరోగ్య అధ్యయనం, ఏ మందు ఎన్నేళ్లు వాడారో రైతులనే అడిగి రాసుకుంది. మన కూలి మనిషి ఈ వారం ఒకరి చేలో కలుపు తీస్తుంది, వచ్చే వారం ఇంకొకరి చేలో పత్తి ఏరుతుంది. ఆ చేలో ఏ మందు ఎప్పుడు కొట్టారో ఆమెకు ఎవరూ చెప్పరు. ముప్పై ఏళ్ల తర్వాత ఆమెను అడిగినా జవాబు ఉండదు.

1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం పిచికారీ పనిలో ఉన్నవారికి పనిలో చేరే ముందూ, ఆ తర్వాత విడతలుగానూ వైద్యపరీక్ష జరగాలి. ఆ నిబంధన ఫ్యాక్టరీకో, చెదలమందు కంపెనీకో సరిపోతుంది. సీజన్‌లో అయిదారు చేలు తిరిగే కూలికి యజమాని ఎవరు? కౌలు చేలో భర్తకు మందు కలిపిచ్చే భార్యను పనిలో పెట్టుకున్నది ఎవరు? ఆమె చేసేది పిచికారీ పనేనని ముందు రాతలో ఉంటే, ఏటా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కోలినెస్టరేజ్ పరీక్ష అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. పత్తికి మందులు మొదలుకాక ముందు ఒకసారి, మధ్యలో మరోసారి రక్తం తీస్తేనే తేడా తెలుస్తుంది. ఒక్క అంకెతో ఏమీ తేలదు.