చాకిరేవు నుంచి వాషటేరియా దాకా… వయా వనపర్తి

పోయిన నెల వనపర్తి నుంచి మా దోస్తు ఒకడు వాట్సాప్‌లో ఒక కొటేషన్ పంపాడు. నాలుగు వాషర్లు, నాలుగు డ్రయర్లు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మిషన్ స్టార్టయ్యే ఒక డబ్బా. కింద ఒక వాయిస్ మెసేజ్: "నువ్వు ఇంజినీరువి గదరా, జర చూసి చెప్పు."

నేను రాసేది జావా. బట్టలుతికే మిషన్లో నాకు తెలిసిందల్లా స్టార్ట్ బటన్ ఎక్కడుంటుందో, అంతే :) కానీ మనవాళ్ళకి ఇంజినీరంటే ఇంజినీరే. సరే చూస్తాలే అన్నాను. తర్వాత తెలిసింది, వాళ్ళ నాయన ముప్పై ఏళ్ళు ఇస్త్రీ చేసి కొన్న ప్లాటు అమ్మి పెడుతున్నాడని. ఇక నవ్వులాటగా తీసుకోవడం కుదరలేదు. రెండు వారాలు దొరికినవన్నీ చదివాను. చదివేకొద్దీ అసలీ మిషన్లు ఎవరికోసం పుట్టాయి, ఎక్కడ పుట్టాయి అన్నదే ముఖ్యమనిపించింది. అదే ఈ టపా.

ఆన్‌సైట్ పేరుతో నేను కొన్నాళ్ళు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్నాను. ఆదివారం వస్తే చాలు, క్వార్టర్ నాణేలు జేబులో గలగలలాడించుకుంటూ బట్టల మూటతో లాండ్రీకి పోవడమే పని. అక్కడికి ఓ అరగంట దూరంలో ఉన్న ఫోర్ట్‌వర్త్‌లోనే ఈ కథంతా మొదలైందని అప్పుడు నాకు తెలీదు. 1934 ఏప్రిల్‌లో అక్కడ 'వాషటేరియా' పేరుతో ఒక కొట్టు తెరిచారు. నాలుగు కరెంటు మిషన్లు పెట్టి గంటకింత అని అద్దెకిచ్చారు. అమెరికాలో అది మహా మాంద్యం కాలం. మిషను కావాలి, కొనడానికి డబ్బుల్లేవు. అందుకని దాన్ని గంటలెక్కన పంచుకున్నారు. ఒక మనిషిని పని నుంచి తీసెయ్యడానికి పుట్టిన వ్యాపారం కాదది. తన బట్టలు తానే ఉతుక్కునే ఇల్లాలికి కాస్త ఊపిరి ఇవ్వడానికి పుట్టింది.

తర్వాత 1937లో బెండిక్స్ వాళ్ళ ఆటోమేటిక్ మిషన్ వచ్చింది. ముందువైపు తలుపు, నీళ్ళు పట్టడం, ఉతకడం, పిండడం అన్నీ దానంతటదే. చిక్కల్లా ఒకటే… దాన్ని నేలకి బోల్టులేసి బిగించాలి, లేకపోతే పిండేటప్పుడు గదంతా తిరిగొస్తుంది! ఆ తేడా ఇప్పటికీ ఉంది. లాండ్రీ మిషన్లలో కాంక్రీటుకి బిగించేవి ఒక రకం, లోపల స్ప్రింగులుండి ఊరికే నిలబెట్టేవి ఇంకో రకం. రెండో రకం ఖరీదెక్కువ, కానీ మొదటివాటికంటే గట్టిగా పిండుతుంది.

ఇక డ్రయర్. దీని కథే నాకు బాగా నచ్చింది. జె. రాస్ మూర్ అని నార్త్ డకోటా ఆయన. అక్కడి చలికాలంలో బయట ఆరేసిన బట్టలు గడ్డకట్టి అట్టల్లా తయారవుతాయి. ఆ చలిలో వాళ్ళమ్మ పడే అవస్థ చూడలేక బట్టలారబెట్టే మిషన్ తయారుచేశాడు. 1938లో హామిల్టన్ అనే కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. పేరేంటో తెలుసా? 'జూన్ డే'. అంటే జూన్ నెల ఎండ రోజు. వాళ్ళు డబ్బులు పోసి కొనుక్కున్నది ఎండని! మా పాలమూరులో ఏడాదికి ఎనిమిది నెలలు ఉచితంగా దొరికేదీ, వద్దురా బాబూ అని మనం తిట్టుకునేదీ అదే.

మరి మనదగ్గర ఇన్నాళ్ళూ ఇలాంటి కొట్లు ఎందుకు లేవు? పేదరికం అనుకున్నాను ముందు. కానీ పేదరికం వల్లే కదా ఫోర్ట్‌వర్త్‌లో కొట్టు పుట్టింది!

అసలు కారణం వేరే. మనకి మిషన్ కంటే మనిషి చవక. ఇప్పటి ఈ మూడు జిల్లాలు 2016 దాకా మహబూబ్‌నగర్‌లోవే. నిజాం రోజుల్లో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలపేట… ఇక్కడంతా సంస్థానాలు. ఊరు ఊరికీ చాకలి కుటుంబం. కళ్ళంలో గింజలు కొలిచినప్పుడు కొంత వాటా, సాయంత్రం ఇంటింటికీ తిరిగితే ఇంత అన్నం. ఇది ఊరివాళ్ళ సంగతి. దొరలకీ, ఊరికొచ్చే అధికార్లకీ అయితే అదీ లేదు, వెట్టి.

అలాగని వాళ్ళది తెలివిలేని పనీ కాదు. చౌడుమట్టిలో ఉండే క్షారంతో మురికి వదిలించడం, బానమీద బట్టలు పేర్చి ఉబ్బ పెట్టడం… ఇప్పుడు మనం డిటర్జెంట్, హాట్‌వాష్ అంటున్నది దాన్నే. ఏ మూట ఎవరిదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవాళ్ళు. ఎన్ని ఉతుకులకీ పోదు. మా డేటాబేసులో ప్రైమరీ కీ అంటామే, అదన్నమాట :) ఇంత నైపుణ్యానికి విలువ కట్టకుండా వందల ఏళ్ళు గడిపేశాం. పని ఊరికే జరిగిపోతుంటే మిషన్ కావాలని ఎవరికనిపిస్తుంది?

అది మారడానికి చాలామంది కొట్లాడారు. మా గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోల్కొండ పత్రిక పెట్టారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకి ఆయనే అధ్యక్షుడు. వెట్టి పోవాలని ఆ మహాసభ గట్టిగా అడిగింది. 1952లో ఆయన వనపర్తి నుంచే శాసనసభకి గెలిచారు. అప్పటికి రెండేళ్ళ ముందే, 1950లో, రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1959లో వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ మొదలైంది. మా దోస్తు ముత్తాత ఆ ప్యాలెస్ బట్టలు ఉతికేవాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. వీడు అదే ప్యాలెస్‌లో డిప్లొమా చదివాడు. ఈ రెండు వాక్యాల మధ్య ఎంత చరిత్ర ఉందో చూడండి.

ఇప్పుడు 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కి మెడికల్ కాలేజీలు వచ్చాయి. 2024లో గద్వాలకీ వచ్చింది. అంటే హాస్టళ్ళు, రూములు, బకెట్లు, వానాకాలంలో కంపుకొట్టే జీన్స్ ప్యాంట్లు. గిరాకీ ఉంది. కాబట్టి ఇంతకీ ఏ మిషన్ కొనాలి?

డీలర్ ఇచ్చిన లెక్క, ఒక వాషర్‌కి ఒక డ్రయర్. అది చలిదేశపు లెక్క. ఒక లీటరు నీటిని ఆవిరి చెయ్యాలంటే ఫిజిక్స్ ప్రకారమే సుమారు 0.7 యూనిట్ కరెంటు కావాలి. వృథా కలుపుకుంటే యూనిట్ అనుకోవచ్చు. పది కేజీల బట్టలు సరిగా పిండకపోతే పది లీటర్ల నీళ్ళు మోస్తాయి, అంటే పది యూనిట్లు. గట్టిగా పిండితే ఆరు లీటర్లు, ఆరు యూనిట్లు. పిండే మోటారుకయ్యే కరెంటు దీని ముందు లెక్కలోకే రాదు.

పిండే బలం చక్రం వేగానికి వర్గంలో పెరుగుతుంది. అరవై సెంటీమీటర్ల డ్రమ్ము నిమిషానికి 500 చుట్లు తిరిగితే బట్టమీద పడే బలం భూమ్యాకర్షణకి 84 రెట్లు. 1000 చుట్లయితే రెట్టింపు కాదు, 335 రెట్లు! కొటేషన్లో చూడాల్సింది ఈ అంకె. వాడేమో టచ్ స్క్రీన్ ఎన్ని అంగుళాలో రాశాడు.

2021 ఏప్రిల్ నుంచి రజకుల లాండ్రీలకి నెలకి 250 యూనిట్లు ఉచితమని తెలంగాణ ప్రభుత్వం పథకం తెచ్చింది. మనవాడి కొట్టుకీ వస్తుందనే అనుకుందాం. సరిగా పిండని బట్టలు కరెంటు డ్రయర్‌లో వేస్తే అది 25 లోడ్లకి హుష్‌కాకి. అంటే రోజుకి ఒక్క లోడ్ కూడా కాదు.

ఇంకా నీళ్ళు. మా బోరు నీళ్ళలో సబ్బు నురగ రాదు, హీటర్ మీద తెల్లగా పెచ్చు కడుతుంది. నాలుగో డ్రయర్ డబ్బులతో ముందు ఒక సాఫ్ట్‌నర్ కొనాలి.

ఇవన్నీ ఎక్సెల్ షీట్లో పెట్టి వీడియో కాల్ చేశాను, పెద్ద పోటుగాడిలా. పక్కనే వాళ్ళ నాయన కూర్చుని ఉన్నాడు. అంతా విని, "గంతేనా అల్లుడా? గట్టిగ పిండితె సగం ఆరినట్టె. ఎండ ఫిరీగ ఉండంగ పొయ్యిమీద ఆరబెడ్తరా ఎవరన్న?" అన్నాడు. నా రెండు వారాల పరిశోధన రెండు ముక్కల్లో తేలిపోయింది!

"మరి వానాకాలం ఎట్ల మామా?" అన్నాను.

"అందుకు ఒక్కటి సాలు. ఇంగ గద్వాల చీరె అండ్లెయ్యద్దని బోర్డు రాయిపియ్యి. నడుమ నూలు, అంచు పట్టు, జరీ. మిషిన్ల తిప్పితె పాడైతది. అది నా చేతికియ్యాలె."

నా షీట్లో ఆ అడ్డవరుసే లేదు. ఆయన లేదు. అప్పటిదాకా 'సెల్ఫ్ సర్వీస్' అంటే మనుషులు లేని కొట్టు అనే అనుకుంటున్నాను నేను. ఆ పని తెలిసిన మనిషినే తీసేసి, కష్టమర్ తనంతట తాను బటన్ నొక్కుకుని పోతే, ఇంకో ఊళ్ళో ఇంకా డబ్బున్నవాడు ఎనిమిది మిషన్లు పెట్టి వీణ్ణి మూసేస్తాడు. ఇన్నేళ్ళూ వాళ్ళ చేతుల్ని చవగ్గా వాడుకున్నాం. ఇప్పుడు ఆ చేతులే వద్దనడం ఇంకో రకం అన్యాయం కదా?

చివరికి తేలిందిది. స్ప్రింగుల మీద నిలబడి గట్టిగా పిండే వాషర్లు మూడు. వానాకాలానికి గ్యాస్ డ్రయర్ ఒకటి. సాఫ్ట్‌నర్. డాబా మీద తీగలు, పైన వల. మిగిలిన జాగాలో ఇస్త్రీ బల్ల, చీరల రోలింగ్, కుర్చీలో మామ. డీలర్ కాస్త చిన్నబుచ్చుకున్నాడట.

బోర్డు మీద ఏం పేరు పెడదామని అడిగాడు మావాడు. వాషటేరియా అన్నాను. వాళ్ళ నాయన ఒప్పుకోలేదు. 'చాకిరేవు' అని పెట్టమన్నాడు. మావాడు ఇంకా మొహమాటపడుతున్నాడు. నా ఓటైతే మామకే. మరి మీ ఓటు?