ఆపరేషన్ గాయం ఎంతకీ మానట్లేదా? పీఆర్‌పీకి ఒప్పుకునే ముందు ఇవి తెలుసుకోండి..

ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు కూడా విప్పేశారు. కానీ గాయం మాత్రం మానట్లేదు. షుగర్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా కాలి వేలు తీసేసిన తర్వాత ఈ సమస్య ఎక్కువ. అలాంటప్పుడు డాక్టర్లు సూచించే మార్గాల్లో పీఆర్‌పీ ఒకటి. అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. ఇంతకీ ఇది ఎలా పనిచేస్తుంది? అందరికీ పనికొస్తుందా?

ప్లేట్‌లెట్స్ అనగానే మనకు డెంగీయే గుర్తొస్తుంది. కౌంట్ పడిపోతే ప్రమాదమని అందరికీ తెలుసు. అయితే రక్తం గడ్డకట్టేలా చేయడం వాటి పనిలో ఒక భాగం మాత్రమే. దెబ్బ తగిలిన చోటికి చేరాక ఇవి గ్రోత్ ఫ్యాక్టర్స్ అనే ప్రోటీన్లను వదులుతాయి. కొత్త రక్తనాళాలు, కొత్త కణజాలం పెరగడానికి సిగ్నల్ ఇచ్చేవి అవే.

పీఆర్‌పీలో చేసేదేంటంటే.. పేషెంట్ చేతి నుంచే కొంత రక్తం తీస్తారు. దాన్ని సెంట్రిఫ్యూజ్ మెషిన్‌లో వేసి గిర్రున తిప్పుతారు. ఎర్ర కణాలు అడుగుకు చేరతాయి, ప్లాస్మా పైకి తేలుతుంది. మామూలుగా మైక్రోలీటర్ రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ప్లేట్‌లెట్స్ ఉంటాయి. పీఆర్‌పీలో ఆ సంఖ్య అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. దాన్ని గాయం చుట్టూ ఇంజెక్ట్ చేస్తారు, లేదా జెల్‌లా మార్చి గాయంపై పరుస్తారు. సొంత రక్తమే కాబట్టి అలర్జీ భయం తక్కువ. అన్నట్టు, దీనివల్ల ఒంట్లో ప్లేట్‌లెట్ కౌంట్ పెరగదు. డెంగీకి ఇది మందు కాదు.

మరి ఫలితం మాటేంటి? 2018లో లాన్సెట్ గ్రూప్ జర్నల్‌లో ఓ ట్రయల్ వచ్చింది. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్‌లలో షుగర్ వల్ల కాలి పుండ్లు మానని వాళ్లకు, వాళ్ల రక్తం నుంచే ప్లేట్‌లెట్స్, తెల్ల కణాలతో ప్యాచ్ తయారుచేసి వారం వారం వేశారు. ఇది పీఆర్‌పీకి దగ్గరి చుట్టం లాంటిది. 20 వారాల్లో ప్యాచ్ వేసినవాళ్లలో 34 శాతం మందికి పుండు మానింది. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 22 శాతం మందికి మానింది. తేడా ఉంది, కాదనలేం. కానీ ప్యాచ్ వేసినా ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరికి ఆ గడువులో మానలేదన్నది కూడా చూడాలి. ‘గ్యారంటీ’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇక షుగర్‌తో సంబంధం లేని మొండి గాయాల విషయంలో ఆధారాలు సరిపోవని 2016 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది.

అసలు గాయం ఎందుకు మానట్లేదో ముందు చూడాలి. కాలికి రక్తం సరిగ్గా అందకపోతే ఎన్ని సిట్టింగ్‌లు చేసినా డబ్బు దండగే. ముందు రక్తనాళాల పరీక్ష చేయించాలి. షుగర్ కంట్రోల్‌లో ఉండాలి. గాయంలోని చచ్చిన కణజాలాన్ని తీసేయాలి. పుండు ఉన్న పాదంపై బరువు పడకుండా చూసుకోవాలి. ఇవన్నీ చేసినా 4 వారాల్లో పుండు సగానికి కూడా తగ్గకపోతే అప్పుడు పీఆర్‌పీ లాంటి వాటి గురించి ఆలోచించొచ్చు.

చీము, జ్వరం, ఎరుపు పాకడం, చర్మం నల్లబడటం కనిపిస్తే మాత్రం పీఆర్‌పీ కోసం ఆగొద్దు. వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి. పసుపు, ఆకుపసర్లు పూస్తూ రోజులు గడపొద్దు. ప్లేట్‌లెట్స్ బాగా తక్కువున్నవాళ్లకు, గాయం దగ్గర క్యాన్సర్ ఉన్నవాళ్లకు సాధారణంగా పీఆర్‌పీ చేయరు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి, సొంతంగా ఆపేయొద్దు.

శుభ్రత విషయంలో అస్సలు రాజీపడొద్దు. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్స్ లేని ఓ స్పాలో ముఖానికి పీఆర్‌పీ చేయించుకున్న కొందరు మహిళలకు హెచ్‌ఐవీ సోకింది. అందుకే కిట్ మీ కళ్ల ముందే కొత్తగా ఓపెన్ చేయమనండి, ట్యూబ్‌పై పేషెంట్ పేరు ఉందో లేదో చూడండి. ఎన్ని సిట్టింగ్‌లు, మొత్తం ఎంత ఖర్చు, ఎన్ని వారాల్లో మార్పు రాకపోతే ఆపేస్తారు.. ఈ మూడూ మొదటి సిట్టింగ్‌కి ముందే అడిగి తెలుసుకోండి.