పుట్టి నుండి గిబిబైటు వరకు

నెల్లూరు సీమలో సంగము వద్ద పెన్నానదిపై పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున ఆనకట్ట కట్టిరి. దానికి బదులుగా నిర్మించిన బ్యారేజి 2022లో ప్రారంభమైనది. ఆ నీటితో పండిన ధాన్యమును రైతులు నేటికిని పుట్లలోనే లెక్కింతురు. పుట్టికి ఇరువది తూములు. తూమునకు నాలుగు కుంచములు. పేర్లు ఒకటే అయినను కుంచము మాత్రము ఊరూరికి మారెడిది. నేడు నెల్లూరులో పుట్టి యనగా 850 కిలోగ్రాములు. ఈ లెక్క అన్ని జిల్లాలలోను చెల్లదు. పేరు కలిసి కొలత కలియనిచో నష్టము తెలియనివానిదే. 1956లో తూనికల, కొలతల ప్రమాణ చట్టము వచ్చినది. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు అమలులోనికి వచ్చినవి.

ఈ చిక్కే కంప్యూటరులో మరల తలయెత్తినది. 'కిలో' అనగా వేయి. కాని యంత్రము రెండు అంకెలతోనే లెక్కించును గనుక, పది రెండ్లను హెచ్చించగా వచ్చు 1024ను గూడ కిలో అనిరి. కిలో వద్ద తేడా నూటికి 2.4, గిగా వద్ద 7.4, టెరా వద్ద సుమారు 10. తుదకు 1998లో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అను వేరు పేర్లు పెట్టినది.

దూరముననున్న క్లౌడ్ సర్వర్లను అద్దెకు తీసికొనువారికి ఈ భేదము ముఖ్యము. 8 గిబిబైట్ల డిస్కుకు తీసిన ప్రతిని 8 గిగాబైట్ల డిస్కుపైకి ఎక్కింపబూనినచో, దాదాపు 59 కోట్ల బైట్లకు చోటు చాలదు. పత్రములో రెండు చోట్లను 'ఎనిమిది' అనియే యుండును. సర్వరు మాత్రము మొదలుకాదు.

కనుక విద్యార్థులారా, ఏ కొలత విన్నను ముందుగా "ఇది ఎవరి కుంచము?" అని అడుగుడు.