ఒక్క నట్టుతో నిలుచు చక్రము

మోటారుకార్ల తొలినాళ్లలో టైరు పగిలినచో దారిలోనే దానిని ఊడదీసి వేరొకటి ఎక్కించవలసి వచ్చెడిది. పందెపు కారుకు అది తీరని ఆలస్యము. చక్రమునే మార్చివేసిన నేమి? ఇంగ్లండులో, కోవెంట్రీ నగరమందలి రడ్జ్-విట్‌వర్త్ సైకిళ్ల సంస్థకు చెందిన జాన్ ప్యూ ఉక్కు చువ్వల చక్రమును మధ్యనున్న ఒకే నట్టుతో బిగించు పద్ధతిని రూపొందించెను. 1908 ఫ్రెంచి గ్రాండ్ ప్రి పందెములో ఇట్టి చక్రములను అనుమతించలేదు. నేపియర్ కార్లు పాల్గొనలేకపోయినవి. 1912లో దియెప్ వద్ద బోయ్యో అదే పందెమును గెలిచిన పెజో కారుకు ఉన్నవి ఈ చక్రములే!

అయితే ఆ ఒక్క నట్టు సడలినచో చక్రమే ఊడిపోవును. ఇరుసు హబ్బు మీది పళ్లు చక్రమును త్రిప్పును. నట్టు దానిని జారిపోకుండ పట్టియుంచును. నట్టు లోపలి వాలుఅంచు చక్రము వాలుఅంచుకంటె వెంట్రుకవాసి పెద్దది. బరువువలన రెండును ఒకవైపే ఆని దొర్లుటచే, చక్రము ఒక చుట్టు తిరుగునప్పటికి నట్టు రవంత వెనుకబడును. ఈ వెనుకబాటు బిగింపుగా పరిణమించుటకే కారు ఎడమప్రక్క కుడిమర, కుడిప్రక్క ఎడమమర ఉంచిరి. బాగుచేయువారు హబ్బులను తారుమారు చేసిరా, ప్రయాణమే నట్టును విప్పును.

అందుచే చక్రమును నేలనుండి లేపి, పళ్లను తుడిచి, నట్టు రెక్కలను రాగి లేక సీసపు సుత్తితో కొట్టి బిగింతురు. కొంతదూరము నడిపి మరల సరిచూతురు. పాదచారులకు గ్రుచ్చుకొనునను భయముతో 1968లో అమెరికా రెక్కల నట్లను నిషేధించగా ఎనిమిది పలకల నట్లు వచ్చినవి. కుడి, ఎడమ మరల తేడా మాత్రము వాటికిని తప్పలేదు.